గాంధీ హత్య కేసు అప్పీలు: కుట్ర, ఉమ్మడి బాధ్యతపై తరచుగా అడిగే ప్రశ్నలు

నేను జిల్లా కోర్టులో క్రిమినల్ కేసులు చూస్తుంటాను. హత్య కేసులో ఇరుక్కున్నవాళ్ళ ఇంటివాళ్ళు మా ఆఫీసు బెంచీ మీద కూర్చుని అడిగే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "మావాడు కత్తి పట్టుకోలేదండీ, పక్కన ఉన్నాడంతే. వాడికి కూడా యావజ్జీవమేనా?" చనిపోయినవాళ్ళ ఇంటివాళ్ళ ప్రశ్న ఇంకో రకం. "చంపించినవాడు ఇంట్లో కూర్చున్నాడు కాబట్టి తప్పించుకుంటాడా?" ఈ రెండు ప్రశ్నలకూ ఒకేచోట జవాబు దొరికే కేసు ఒకటుంది. అది గాంధీజీ హత్య కేసు, ముఖ్యంగా 1949లో సిమ్లాలో నడిచిన అప్పీలు. అందులో మన తెలుగు మాట వినిపించిన ఒక మూల కూడా ఉంది. అందుకే అందరూ అడిగేవాటిని ఆ కేసు చుట్టూనే రాస్తున్నాను.

కాల్చింది ఒక్కడే కదా, అంతమందిపై కేసు ఎందుకు పెట్టారు?

1948 జనవరి 30 సాయంత్రం ఢిల్లీ బిర్లా హౌస్‌లో ప్రార్థనకు నడిచి వస్తున్న గాంధీజీపై మూడు గుండ్లు పేల్చింది నాథూరాం గాడ్సే ఒక్కడే. అక్కడే దొరికిపోయాడు, కాల్చింది తానేనని కాదనలేదు. కానీ పదిరోజుల ముందు, జనవరి 20న, అదే బిర్లా హౌస్ వెనక గోడ దగ్గర ఒక పేలుడు జరిగింది. పేల్చిన మదన్‌లాల్ పహ్వా అక్కడికక్కడే పట్టుబడ్డాడు. మిగతావాళ్ళు పారిపోయారు. పోలీసులు ఆ తీగ లాగితే పుణె, బొంబాయి, గ్వాలియర్ దాకా డొంక కదిలింది.

ఎర్రకోటలో ప్రత్యేక న్యాయమూర్తి ఆత్మచరణ్ ముందు ఎనిమిది మంది నిలబడ్డారు: నాథూరాం గాడ్సే, నారాయణ్ ఆప్టే, విష్ణు కర్కరే, మదన్‌లాల్ పహ్వా, శంకర్ కిష్టయ్య, గోపాల్ గాడ్సే, వి.డి. సావర్కర్, డాక్టర్ పర్చురే. తొమ్మిదోవాడు దిగంబర్ బడ్గే. ఆయుధాలు అమ్ముకునే మనిషి, అప్రూవర్‌గా, అంటే క్షమాభిక్ష పొంది తోటివాళ్ళ మీద సాక్ష్యం చెప్పేవాడిగా మారాడు. ప్రాసిక్యూషన్ 149 మంది సాక్షులను పెట్టింది.

1949 ఫిబ్రవరి 10న తీర్పు వచ్చింది. నాథూరాం, ఆప్టేలకు ఉరి. సావర్కర్ విడుదల. మిగిలిన ఐదుగురికీ యావజ్జీవ ద్వీపాంతర శిక్ష.

చట్టంలో 'కుట్ర' అంటే ఏమిటి? మనసులో అనుకుంటే చాలా?

చాలదు. ఒక్కడు ఎంత పగబట్టినా అది కుట్ర కాదు. కనీసం ఇద్దరు ఒక నేరం చేద్దామని ఒప్పుకోవాలి. ఆ ఒప్పందమే నేరం. హత్య చేద్దామని ఒప్పుకున్నాక, హత్య జరిగినా జరగకపోయినా, కుట్ర నేరం అప్పటికే పూర్తయిపోయింది. 1913లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన 120ఎ, 120బి సెక్షన్లు చెప్పేది ఇదే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది సెక్షన్ 61. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత సెక్షన్లే వర్తిస్తాయి. కాబట్టి మీ కేసు కాగితాల్లో 120బి అని ఉంటే కంగారు పడకండి.

కాగితం మీద సంతకాలు పెట్టి కుట్ర చేసేవాళ్ళు ఉండరు కాబట్టి, ఒప్పందాన్ని నేరుగా చూపించడం దాదాపు అసాధ్యం. ఎవరెవరు ఎక్కడ కలిశారు, ఏ పేరుతో దిగారు, డబ్బు ఎక్కడిది, సామాను ఎవరు మోశారు అని చిన్న చిన్న సంగతులు పేర్చుకుంటూ కోర్టు ఒక నిర్ణయానికి వస్తుంది. గాంధీ కేసులో ఈ పేర్పు చూడాల్సిందే. నాథూరాం, ఆప్టే ఢిల్లీ మెరీనా హోటల్లో దేశ్‌పాండే అనే దొంగపేర్లతో దిగారు. అంతకు ముందు జనవరి 13, 14 తేదీల్లో నాథూరాం తన రెండు ఇన్సూరెన్స్ పాలసీలకు నామినీలుగా ఆప్టే భార్యను, తమ్ముడు గోపాల్ భార్యను పెట్టాడు. ఒకటి 3000 రూపాయలది, ఇంకొకటి 2000ది. గోపాల్ అదే వారంలో ఉద్యోగానికి సెలవు అడిగాడు. వీటిలో ఏ ఒక్కటీ విడిగా నేరం కాదు. ఇన్సూరెన్స్ నామినీ మార్చుకోవడం తప్పేముంది? అన్నీ ఒకే వారంలో ఒకే దారిలో నడిచేసరికి మాత్రం వేరే అర్థం వస్తుంది.

సెక్షన్ 34, 149, 109, 120బి అన్నీ రాస్తారు. తేడా ఏమిటి?

ఛార్జిషీటులో ఇవన్నీ వరసగా కనిపిస్తే టెన్షన్ రావడం సహజమే. ఒక్కోదానికీ ఒక్కో దారి ఉంది.

34 అంటే ఉమ్మడి ఉద్దేశం. కొత్త చట్టంలో సెక్షన్ 3(5). అది విడిగా నేరం కాదు. నలుగురి మనసూ ఒకటై, నలుగురూ ఏదో ఒక పాత్ర పోషించి చేసిన పనిని, ఒక్కొక్కరూ తానే చేసినట్టు లెక్కగట్టే సూత్రం. దీనికి పాతకాలపు ఉదాహరణ కలకత్తా శాంకరీతోలా పోస్టాఫీసు కేసు. 1923లో దోపిడీకి వెళ్ళినవాళ్ళు పోస్టుమాస్టర్‌ను కాల్చి చంపారు. బరేంద్రకుమార్ ఘోష్ తాను బయట నిలబడ్డానే తప్ప కాల్చలేదన్నాడు. అప్పట్లో మన కేసులకు చివరి అప్పీలు కోర్టుగా లండన్‌లో ఉన్న ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. కాపలా నిలబడడం కూడా పనిలో భాగమే అంది.

అయితే 'ఒకేలాంటి ఉద్దేశం' వేరు, 'ఉమ్మడి ఉద్దేశం' వేరు. ఇద్దరికీ ఒకే మనిషి మీద కోపం ఉండి, ఎవరికి వారు కొట్టినంత మాత్రాన ఉమ్మడి అయిపోదు. 1945లో మహబూబ్ షా కేసులో ప్రీవీ కౌన్సిల్ ఈ గీత గీసింది. నిజాం పాలన పోయిన తర్వాతి హైదరాబాద్ రాష్ట్రం నుంచి వెళ్ళిన పాండురంగ్ కేసులో, 1954 డిసెంబర్‌లో, సుప్రీంకోర్టు అదే గీతను గట్టిగా నిలబెట్టింది. ఆ కేసులో పాండురంగ్‌కు పడ్డ ఉరిశిక్ష తొలగించి, తీవ్రంగా గాయపరిచిన నేరం కిందికి మార్చి, పదేళ్ళ శిక్ష వేసింది. నా దృష్టిలో 34 గురించి చదివేవాళ్ళు మొదట చదవాల్సిన తీర్పు అదే.

149 (ఇప్పుడు 190) ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది గుంపుకు సంబంధించింది. రాయలసీమ, పల్నాడు ఫ్యాక్షన్ కేసుల్లో ఏ1 నుంచి ఏ30 దాకా పేర్లు రాసేది దీని కిందే. పాత కక్షలున్న ఊళ్ళో గుంపు కేసు అనగానే ఇంటికో మగాడి పేరు చేర్చేయడం మనం చూస్తూనే ఉన్నాం. అందుకే 1964లో మసల్తీ కేసులో సుప్రీంకోర్టు, ఇలాంటి కేసుల్లో ఒకరిద్దరి మాట మీద కాకుండా కొందరు సాక్షులు ఒకేలా చెప్పినప్పుడే ఒక నిందితుడికి శిక్ష వేయడం అనే జాగ్రత్తను సమర్థించింది.

109 (ఇప్పుడు 49) ప్రేరేపణ. చేయించినవాడికి చేసినవాడి శిక్షే. ఇంట్లో కూర్చున్నవాడు తప్పించుకుంటాడా అన్న ప్రశ్నకు జవాబు ఈ సెక్షన్లోనూ, కుట్ర సెక్షన్లోనూ ఉంది. రుజువైతే తప్పించుకోలేడు.

జనవరి 30న మదన్‌లాల్ పోలీసు కస్టడీలో ఉన్నాడు. అతనికి శిక్ష ఎలా నిలిచింది?

చాలామంది ఆశ్చర్యపోయే చోటు ఇది. పది రోజులుగా లాకప్పులో ఉన్న మనిషి హత్యలో చేయి వేయలేడు. కానీ అతను చేరిన ఒప్పందం గాంధీజీ ప్రాణం తీయడానికే అని కోర్టులు నమ్మాయి. జనవరి 20 నాటి పేలుడు ఆ పథకంలో మొదటి మెట్టు. ఆ రోజు పథకం తప్పిపోయింది గానీ, ఒప్పందం రద్దు కాలేదు. అందులోంచి బయటికి వచ్చేశానని అతను చూపించలేకపోయాడు. హైకోర్టులో కూడా అతని శిక్ష నిలిచింది.

ఆప్టే తుపాకీ పేల్చలేదు. అతనికి ఉరి ఎందుకు?

మొదటి నుంచి చివరిదాకా నాథూరాంతో ఉన్నాడు కాబట్టి. ఆయుధాలు సమకూర్చడం, ఢిల్లీ ప్రయాణం, హోటల్, 20వ తేదీ ప్రయత్నం, అది విఫలమయ్యాక గ్వాలియర్ వెళ్ళి బెరెట్టా పిస్తోలుతో తిరిగి రావడం, అన్నింట్లోనూ అతనున్నాడు. శిక్ష ఎంత అన్నది మాత్రం న్యాయమూర్తి విచక్షణ. కర్కరేకు, గోపాల్‌కు యావజ్జీవమే పడింది. బాధ్యత ఉమ్మడిగా ఉన్నా శిక్ష అందరికీ ఒకే కొలతలో పడాలని లేదు.

నాథూరాం అప్పీలు చేశాడా? తానే చంపానన్నాడు కదా?

చేశాడు, కానీ హత్య శిక్షను తప్పించుకోవడానికి కాదు. తనకు పడిన ఉరిని అతను ప్రశ్నించలేదు. 'కుట్ర ఉంది' అన్న ఒక్క నిర్ణయాన్నే సవాలు చేశాడు. లాయరును పెట్టుకోకుండా స్వయంగా వాదించాడు.

ఎందుకో ఆలోచించండి. కుట్ర లేదని హైకోర్టు అంటే, మిగతా అందరినీ కట్టి ఉంచిన తాడు తెగిపోతుంది. అంతా ఒక్కడి పని అయిపోతుంది. ఇప్పటికీ హత్య కేసుల్లో ఏ1 "నేనొక్కణ్ణే చేశాను" అని మొత్తం నెత్తిన వేసుకోవడం చూస్తుంటాం. కోర్టు అతని మాటతో ఆగదు, సాక్ష్యం ఏం చెబుతోందో చూస్తుంది. సిమ్లాలోనూ అదే జరిగింది. హోటల్ దొంగపేర్లు, ఇన్సూరెన్స్, 20వ తేదీ సంఘటన, గ్వాలియర్ ప్రయాణం అన్నీ ఎదురుగా ఉండగా, ఒంటరి మనిషి కథను న్యాయమూర్తులు నమ్మలేదు.

ఆ అప్పీలు ఎక్కడ, ఎవరి ముందు జరిగింది?

తూర్పు పంజాబ్ హైకోర్టు అప్పుడు సిమ్లాలో, ఒకప్పుడు వైస్రాయ్‌లు ఉన్న పీటర్‌హాఫ్ భవనంలో నడిచేది. జస్టిస్ భండారీ, జస్టిస్ అచ్ఛ్రూరామ్, జస్టిస్ ఖోస్లా ముగ్గురూ కూర్చున్నారు. మామూలుగా హత్య అప్పీలు ఇద్దరే వింటారు. మే నెల మొదట్లో వాదనలు మొదలయ్యాయి, జూన్‌లో తీర్పు వచ్చింది. ఇప్పుడు మన దగ్గర ఏళ్ళకేళ్ళు అప్పీళ్ళ కోసం ఎదురుచూసే కుటుంబాలను చూస్తుంటే, ఆ వేగం తలుచుకుని మనసు చివుక్కుమంటుంది.

అప్పీలులో ఎవరు బయటపడ్డారు?

ఇద్దరు. డాక్టర్ పర్చురే, శంకర్ కిష్టయ్య. నేను ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ రెండో పేరు.

శంకర్ కిష్టయ్య ఎవరు? అతను తెలుగువాడా?

పేరు వినగానే మనకు తట్టేది నిజమే. ఎర్రకోట విచారణలో కోర్టు మాటలను హిందుస్తానీ, మరాఠీలతో పాటు తెలుగులోకి కూడా చెప్పించాల్సి వచ్చింది. దేశం మొత్తం కళ్ళు పెట్టి చూస్తున్న కోర్టు హాల్లో, బోనులో వెనక కూర్చున్న ఒక పనివాడి చెవికి తన మీద నేరమేమిటో తెలుగులో వినిపించారు. న్యాయం అన్నమాటకు నాకు తెలిసిన మంచి బొమ్మల్లో అదొకటి.

అతను పుణెలో బడ్గే దగ్గర పనిచేసేవాడు. బడ్గే ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్ళాడు, ఏం మోయమంటే అది మోశాడు. జనవరి 20 ఉదయం హిందూ మహాసభ భవన్ వెనకున్న చెట్లలో రివాల్వర్లు పరీక్షించారు. రెండూ సరిగా పనిచేయలేదు. ఒకటి బాగుచేయడానికి గోపాల్ గాడ్సే తన సంచిలోంచి నూనె సీసా, చాకు తెమ్మని శంకర్‌ను పంపాడు. శంకర్ తెచ్చి ఇచ్చాడు. బాగుచేస్తూ ఉండగా ఫారెస్టు గార్డులు రావడంతో ఆయుధాలు దాచేశారు.

ఆ నూనె సీసా దగ్గరే కాసేపు ఆగాలి. సీసా తెచ్చినవాడు కుట్రలో ఉన్నట్టా? పని చూస్తే, సాయం చేసినట్టే. మనసు చూస్తే, 'తెమ్మన్నారు, తెచ్చాను' అన్నంతే ఉండొచ్చు. సాయంత్రం బిర్లా హౌస్‌కు కూడా యజమాని వెంట వెళ్ళాడు. బడ్గేకే ధైర్యం చాలక వెనక్కి తగ్గాడు, శంకర్ ఏమీ చేయలేదు.

కింది కోర్టు అతనికి యావజ్జీవం వేసింది. అయితే ఏడేళ్ళకు తగ్గించమని సిఫారసు కూడా చేసింది. ఆ న్యాయమూర్తి మనసులోనూ ఏదో ముల్లు గుచ్చుకున్నట్టే ఉంది. హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, యజమాని మాట విన్న పనివాడే తప్ప కుట్రలో భాగస్వామి అని రుజువు కాలేదని విడిచిపెట్టింది.

ఇప్పుడు కాలం గుర్తు చేసుకోండి. జాతిపిత చనిపోయి ఏడాదిన్నర కాలేదు. ఆ కేసులో ఎవరినైనా వదిలితే జనం ఊరుకుంటారా అన్న భయం ఎవరికైనా ఉంటుంది. అయినా ఆ న్యాయమూర్తులు ఒక్కొక్కరినీ విడివిడిగా తూకం వేశారు.

బడ్గే అప్రూవర్ కదా. తప్పు చేసినవాడి మాట ఎలా నమ్ముతారు?

నమ్మరు, సరిచూసుకుంటారు. అప్రూవర్ సాక్ష్యం చెల్లుతుంది. కానీ తన మెడ విడిపించుకోవడానికి ఇతరుల మెడకు చుట్టే ప్రమాదం ఉంది కాబట్టి, ముఖ్యమైన విషయాల్లో బయటి ఆధారం కావాలంటారు. అది కూడా నేరం జరిగిందని చెప్తే సరిపోదు, ఆ ఫలానా నిందితుడిని ఆ నేరంతో కలపాలి. 20వ తేదీ అడవిలో జరిగింది బడ్గే చెప్పాడు, ఫారెస్టు గార్డు వచ్చి చెప్పాడు. అలాంటి చోట బడ్గే మాటకు బలం వచ్చింది. సావర్కర్ విషయంలో అలాంటి తోడు లేదని, ఒక్క అప్రూవర్ మాట మీద శిక్షించడం క్షేమం కాదని ఆత్మచరణ్ అన్నారు.

కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమం, సెక్షన్ 138లో ఇప్పుడు 'తోడ్పాటు ఉన్న', అంటే బయటి ఆధారం బలపరిచిన, సాక్ష్యం అన్న మాటే వచ్చింది. పాత 133లో తోడ్పాటు లేకపోయినా శిక్ష చట్టవిరుద్ధం కాదని ఉండేది. కోర్టులు ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్న జాగ్రత్త ఇప్పుడు చట్టంలోకే ఎక్కింది.

కపూర్ కమిషన్ సావర్కర్ గురించి వేరేలా చెప్పిందంటారు కదా?

చెప్పింది. 1964లో గోపాల్, కర్కరే, మదన్‌లాల్ విడుదలయ్యాక పుణెలో జరిగిన సన్మాన సభ పెద్ద దుమారం రేపింది. తర్వాత గాంధీజీ హత్య కుట్రపై విచారణ జరిపిన జస్టిస్ జె.ఎల్. కపూర్ కమిషన్ 1969లో నివేదిక ఇచ్చింది. సావర్కర్, ఆయన బృందం కుట్ర తప్ప వేరే సిద్ధాంతం నిలవదన్న ధోరణిలో అందులో ఒక వాక్యం ఉంది. కానీ కమిషన్ కోర్టు కాదు. దాని ముందు నిందితుడూ లేడు, శిక్షా లేదు, సావర్కర్ అప్పటికే 1966లో చనిపోయారు. 1949లో కోర్టు ఆయన్ను విడుదల చేసినదాని మీద ప్రభుత్వం అప్పీలు చేయలేదు. చట్టం లెక్కలో ఆ విడుదల అలాగే ఉంది. చరిత్ర చర్చ వేరు, అది ఎవరి చదువును బట్టి వాళ్ళు చేసుకోవచ్చు.

పర్చురే ఒప్పుకోలు ఇచ్చాడు కదా, ఎలా బయటపడ్డాడు?

మేజిస్ట్రేట్ ముందు ఇచ్చిన ఒప్పుకోలును తర్వాత వెనక్కి తీసుకున్నాడు. హైకోర్టు దాన్ని ఆధారంగా తీసుకోవడానికి ఇష్టపడలేదు, సంశయ లాభం ఇచ్చింది. కస్టడీలో ఉన్న మనిషి ఇచ్చిన మాట నిజంగా తన ఇష్టంతో ఇచ్చిందేనా అన్న అనుమానం ఉంటే, దాని మీద జీవితకాలం శిక్ష కట్టకూడదు.

ఒకరి మాట ఇంకొకరి మెడకు చుట్టుకుంటుందా?

కుట్ర కేసుల్లో ఒక్కోసారి చుట్టుకుంటుంది. కుట్ర ఉందని నమ్మడానికి తగిన ఆధారం ముందు కనిపిస్తే, దాని కోసం ఒకరు అన్న మాట, రాసిన ఉత్తరం మిగతావాళ్ళ మీదా సాక్ష్యం అవుతుంది. పాత సాక్ష్య చట్టంలో ఇది సెక్షన్ 10, కొత్తదాంట్లో 8. కానీ కుట్ర ముగిసి అరెస్టయ్యాక ఇచ్చిన మాటలకు ఇది వర్తించదు. పెషావర్ నుంచి వెళ్ళిన మీర్జా అక్బర్ కేసులో 1940లోనే ప్రీవీ కౌన్సిల్ ఈ మాట తేల్చింది. ముందు రాసుకున్న ఉత్తరాలను ఒప్పుకుంది, పట్టుబడ్డాక చెప్పిన మాటను ఒప్పుకోలేదు. మీ కేసులో "ఏ2 పోలీసులకు నీ పేరు చెప్పాడు" అన్నది తప్ప వేరే ఏమీ లేకపోతే, అప్పీలులో లాయరు మొదట పట్టుకోవాల్సిన పాయింటు ఇదే.

తర్వాతి కాలంలో కూడా ఇలా విడివిడిగా చూశారా?

చూశారు. ఇందిరాగాంధీ హత్య కేసులో కింది రెండు కోర్టులూ ఉరి ఖాయం చేసిన బల్బీర్ సింగ్‌ను 1988లో సుప్రీంకోర్టు విడిచిపెట్టింది. అదే తీర్పులో సత్వంత్ సింగ్, కేహర్ సింగ్‌ల ఉరి నిలిచింది. రాజీవ్‌గాంధీ హత్య కేసులో టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు 1998 జనవరిలో 26 మందికీ ఉరి వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురికే ఉరి ఉంచి, ముగ్గురికి యావజ్జీవం వేసి, మిగతా 19 మందిని హత్యా నేరం నుంచి తప్పించింది. కుట్ర పూర్తయ్యాక దాక్కోవడానికి చోటిచ్చినవాడు కుట్రదారు కాడని, ఊరికే పరిచయం ఉండడం, తెలిసి ఉండడం చాలదని ఆ తీర్పు చెప్పింది. చోటివ్వడం వేరే నేరం కావచ్చు, హత్య మాత్రం కాదు. ఇరవై ఆరు ఉరితాళ్ళలో ఇరవై రెండు తొలగిపోయిన అప్పీలు అది.

మా కేసులో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు తీర్పు కాపీ. నిందితుడికి అది ఉచితంగా ఇవ్వాలి. హైకోర్టులో అప్పీలుకు 60 రోజుల గడువు, ఉరిశిక్ష పడితే 30 రోజులే. కాపీకి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు. ఆలస్యమైతే సరైన కారణం చూపి మన్నింపు కోరవచ్చు. ఉరి పడితే అప్పీలు వేసినా వేయకపోయినా హైకోర్టు ఖాయం చేస్తేగానీ అది అమలు కాదు. అమరావతిలోనైనా హైదరాబాద్‌లోనైనా ఇంతే. అప్పీలుతో పాటే శిక్ష నిలుపుదల, బెయిలు కోరవచ్చు. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది, జైలు నుంచే అడగవచ్చు.

చనిపోయినవాళ్ళ తరఫువాళ్ళూ వినండి. నిందితుడిని వదిలేసినా, చిన్న నేరం కింద శిక్షించినా బాధితులకు అప్పీలు హక్కు 2009 చివరి నుంచి ఉంది. ప్రభుత్వం వేస్తుందేమోనని ఎదురుచూస్తూ కూర్చోవద్దు.

లాయరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒక తెల్లకాగితం మీద మీవాడి పేరు పైన రాసి, కింద మూడే రాయండి: ఏ సాక్షి ఇతని పేరు చెప్పాడు, ఇతను ఏం చేశాడన్నాడు, ఆ పని ఎందుకు చేస్తున్నాడో ఇతనికి తెలుసనడానికి ఆధారం ఏమిటి. మూడో గడి ఖాళీగా ఉంటే, అప్పీలు అక్కడి నుంచే మొదలవుతుంది.